అగ్గిపెట్టెంత ఇంజన్

బీరంగూడలో ప్రేమలత చాయ్ హోటల్లో ఫ్యాన్ కింద ఉన్నది ఒక్కటే కుర్చీ. ముచ్చట ఎవరు బాగా చెబితే వాళ్లది. రెండేళ్లుగా లేత్ పని చేసే టర్నర్ బాలరాజ్ దాన్ని వదలడం లేదు.

"ఇయ్యాల కోతలని తేలితె కుర్చీ దిగాలె అన్నా," అన్నాడు సునీల్‌కుమార్.

"దిగుత తియ్, ముందుగాల ఇను. ఇంటెనక రేకుల షెడ్డుల నాకు చిన్న లేత్ ఉంది గద, దసరా తెల్లారే దాని మీద బొమ్మ ఇంజన్ పని వట్టిన. అగ్గిపెట్టెంత. ఇత్తడి కడ్డీని లేత్ దవడల, గదే చక్‌ల వెట్టి, చక్ కీ తోని కడక్ బిగించి, పిస్టన్ చెక్కిన. ఎంత పిస్టనో తెలుసా? మిరియం గింజంత! తుమ్మితె యాడ ఎగిరిపోతదో అని ముక్కుకు దస్తీ కట్టుకోని చేసిన."

"ఇంట్ల మొగులమ్మొదిన ఏమనలేదా?" ప్రేమలత చాయ్ వడపోస్తూ అడిగింది.

"ఏమంటది, నోరు తెరిచి సూసుకుంట నిలవడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క చుక్క పెట్రోల్ పోసి స్టార్ట్ చేసిన. షెడ్డు రేకులు పైకి లేసి మళ్ల కూసున్నయ్! గప్పుడే కరెంట్ పాయె. ఇంజన్‌కు వైరు తగిలిస్తె మా ఇంట్ల, పక్కింట్ల, కాలనీ మొత్తం లైట్లు!"

"మా ఇంట్ల రాలే," అన్నాడు సునీల్.

"మీ బల్బు మాడితె నేనేం జెయ్యాలె? ఇగ అసలు ముచ్చట. పటాన్‌చెరు రోడ్డు మీద ఇనుము లోడ్ కంటైనర్ దిగవడ్డది. గుంజనీకి క్రేన్ వచ్చింది, అది గూడ దిగవడ్డది. డ్రైవర్ 'భయ్యా, బచావో' అని ఒకటే మొత్తుకునుడు. నేను జేబులకెల్లి ఇంజన్ దీసి, సుతిలి తాడు గట్టి ఇడిసిన. రెంటినీ గుంజుకుంట ఉరికింది! కంది ఊరు దాటినంక చెయ్యి అడ్డం వెట్టి ఆపిన, లేకుంటె బొంబాయి పోతుండె!"

"పెట్రోల్ ఎంత తాగిందే?" అన్నాడు సునీల్.

"గదే చుక్క. అండ్ల సగం మిగిలింది."

మూల బెంచీ మీద బాలరాజ్ ఎదురింటి నరసరాజు గారు చాయ్ ముగించారు. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. సంచిలోంచి ఒక ఇనుప కీ తీశారు, దానికింకా పసుపు కుంకుమ ఉన్నాయి.

"బాలరాజు గారూ, ఏమీ అనుకోకండి. రిటైరయ్యాక నా దగ్గర పనిముట్లే లేవు కదండీ. ఆయుధపూజలో పెట్టుకుందామని, మీరు లేనప్పుడు మొగులమ్మ గారినడిగి మీ చక్ కీ పట్టుకెళ్లాను. ఇన్నాళ్లూ మా పూజగూట్లోనే ఉండిపోయిందండి. మరి ఇది లేకుండా కడ్డీ ఎలా బిగించారండీ?"

బాలరాజ్ కుర్చీలోంచి ఒక్క దూకులో వచ్చి కీ అందుకుని కళ్లకద్దుకున్నాడు.

"అరె, మీ కాడుందా! దసరా సంది షెడ్డంత దేవులాడి పరేషానైన గద రాజుగారూ, మా ఇంటామె గూడ చెప్పుడు మర్శింది! ఇగ సూడుండ్రి, రేపే ఇంజన్ మొదలు వెడ్త!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు. హోటలంతా ఒకటే నవ్వు. అప్పటికే సునీల్ కుర్చీని నరసరాజు గారి వైపు జరిపాడు.

బాలరాజ్ కీని చొక్కా జేబులో వేసుకుని, పైనుంచి ఒకసారి తడుముకుని, బెంచీ మీద సర్దుకున్నాడు. అతని మొహం నిజంగానే వెలిగిపోతోంది.

"కుర్చీ పోతె పాయె," అన్నాడు, "కీ దొరికింది."