రంగం కుండ

అసిరయ్య అని ఒకడున్నాడు. ఉన్నాడంటే ఇప్పుడు లేడులే, నా సిన్నప్పటికే ముసిలోడు. మా పేటోడే, మా గుమ్మానికి మూడో గుమ్మం. ఆడు రంగం ఎల్లాడంట. ఏటర్రా ఆ మొకాలు, రంగం తెలీదా? రంగూనర్రా, బర్మా దేశం. ఇప్పుడంటే మీరు ఐదరబాదని, దుబాయని పోతన్నారు గాని, అప్పట్లో మన సికాకోళం జిల్లాలో వాన మొకం సాటేసిందంటే అందరూ రంగమే. ఓడెక్కడం, నాలుగు దినాలు సముద్రం మీద కక్కుకోడం, దిగి బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడం. పెల్లై ఏడాది కాలేదు ఆడికి. పెల్లాం నీలమ్మ రేవు దాకా ఎల్లి, ఏడుస్తాదేమో అనుకుంటే, అక్కడ ఇంకో దాన్ని కట్టుకున్నావంటే ఓడెక్కి వచ్చి మరీ తంతాను అందంట. అదీ నీలమ్మ. దాని సంగతి తరవాత వస్తాదిలే. పంతులుగారూ, రాసుకుంటన్నారు కదా, నా తిట్లు కూడా రాయండి, తీసీకండి.

దిగినాడు అసిరయ్య. ఎండ మాడ్చేస్తంది. కూలీల మేస్త్రీ ఎనక పదిమంది నడుస్తన్నారు, ఈడేమో బంగారు రేకు తాపిన గుడి ఒకటుంటే దాన్ని సూస్తా నిలబడిపోనాడు, తిరిగి సూస్తే మేస్త్రీ లేడు, మనుసుల్లేరు. బాస రాదు, దారి తెలీదు, నోరు పిడసకట్టుకుపోయింది. అలగ నడిసి నడిసి ఎల్తే ఏటైందంటే, ఒక ఇంటి ముందర రోడ్డు పక్కన గుంజ పాతి, గుంజ మీద సిన్న పందిరేసి, దాని కింద రెండు మట్టికుండలు ఎట్టున్నాయంట. మూతలున్నాయి, మూత మీద కొబ్బరిసిప్ప గరిటి ఉంది. మనిసి లేడు. మన ఏపు సలివేంద్రం కాడ పోసే మనిసుంటాడు కదా? ఆడు పైనుంచి పోస్తాడు, మనం దోసిలి పడతాం. మా పేటోల్లకైతే అలగ కూడా పోసేవోరు కాదు, ఎదురుబొంగు సీల్సి దోని సేసి, ఆ సివర్నుంచి ఈ సివరికి వొంపేవోరు, ఎక్కడ మా గాలి తగుల్తాదోనని. మరి ఆడికి తెలిసింది అదే కదా! ఎల్లి ఆ కుండలకి నాలుగడుగుల ఇవతల వొంగి, దోసిలి పట్టి నిలబడ్డాడంట, పోసేవోడు వస్తాడు కదాని.

ఎవుడొస్తాడు? పోసేవోడు ఉంటే కదా రాడానికి. ఒకాయన వచ్చినాడు, మూత తీసినాడు, ముంచుకు తాగినాడు, ఎలిపోనాడు. ఒకావిడ వచ్చింది, తాగింది, పిల్లకి పట్టింది, ఎలిపోయింది. గుండు గీయించుకున్న సన్నాసొకడు వచ్చినాడు, ఆడూ తాగినాడు. అసిరయ్య అలగే వొంగి ఉన్నాడంట. నీల్లు కనబడతన్నాయి, గరిటి కనబడతంది, అడ్డేవోడు లేడు, కొట్టేవోడు లేడు, అయినా సెయ్యి పోదు ఆడిది. నవ్వకండర్రా! నవ్వుతారేటి? నాకు ఇప్పుడు సెప్తంటే కూడా కడుపు రగిలిపోతాది. ఎంతసేపున్నాడో ఏటో, నడుం పట్టీసింది, కల్లు తిరుగుతన్నాయి. అప్పుడా ఇంట్లోంచి ఒక ముసలావిడ, దోమ్యా అని ఆవిడ పేరంట, నోట్లో ఇంతేసి సుట్టెట్టుకుని, బుగ్గలకి గంధం పూసుకుని బయటికొచ్చింది. సూసింది. ఈడు ఎనక్కి అడుగేసినాడు, కుండ ముట్టుకున్నావని ఆవిడ తిడతాదేమోనని. ఆవిడ ముందుకొచ్చింది. ఈడు ఇంకా ఎనక్కి. ఆవిడ ముందుకి, ఈడు ఎనక్కి, ఎనకాల ఎడ్లబండి ఉంది, దానికి గుద్దుకుని ఆగినాడు. ఆవిడ తన బాసలో గట్టిగా ఏటో కేకలేసి, సెయ్యి పట్టి లాక్కెల్లి, గరిటి సేతిలో ఎట్టి, ఆ సేతిని తన సేత్తో పట్టుకుని కుండలో ముంచీసింది. అసిరయ్య ముందు నాలుగేపులా సూసినాడంట, ఎవుడు కర్రట్టుకుని వస్తాడోనని. ఎవుడూ రాలేదు. తాగినాడు. ఏడు గరిటిలు తాగి, ఆ రోడ్డు మీదే కూలబడి గొల్లుమన్నాడంట. తరవాత బస్తాల కింద నలిగినా ఏడవనోడు, గుక్కెడు నీల్లు తాగి ఏడిసినాడు.

ఆ వీధి ఎనకాలే మిల్లు. మేస్త్రీ దొరికినాడు, పనీ దొరికింది. అప్పట్నుంచి పని అయితే సాలు, దోమ్యా అరుగు మీద కూకునేవోడంట. ఆవిడ అంతేసి సుట్ట కాలుస్తంటే ఈడికి మనూరు గుర్తొచ్చి, మా ఆడోల్లు కూడా కాలుస్తారమ్మా, గాని నిప్పు నోట్లో ఎట్టుకుంటారు అని వచ్చీరాని బాసలో సెప్పినాడు. ఆవిడ నమ్మలేదు. అయితే సూడు అని అడ్డపొగ కాల్సి సూపించినాడు, ఆవిడ నవ్వి నవ్వి దగ్గొచ్చి, వీధిలోవోల్లందర్నీ పిలిసి ఇంకోసారి కాల్పించిందంట. ఆల్ల తిండి మాత్రం ఈడికి పడలేదనుకో. సేపని కుల్లబెట్టి పచ్చడి సేస్తారంట, ఆ కంపుకి ముక్కు మూసుకుని ఊల్లోవోల్లందర్నీ తలుసుకునేవోడంట. అలగ ఉండగా ఏటైందంటే, దోమ్యాకి నడుం పడిపోయింది. రోజూ పొద్దున్న కుండలు కడిగి నీల్లు నింపేది ఆవిడే, ఇంక వొంగలేదు. అసిరయ్యని పిలిసి, రేపట్నుంచి నువ్వు నింపరా అంది. నానా? నాను నింపితే ఎవులు తాగుతారమ్మా అన్నాడు. ఎందుకు తాగరు అంది ఆవిడ. వచ్చిన నాలుగు ముక్కల్తో ఆడు సెప్పినాడంట, మా ఊల్లో నా సెయ్యి తగిల్తే నీల్లు పాడైపోతాయమ్మా, ఎవులూ తాగరమ్మా అని. ఆవిడకి మొకం మారిపోయింది. ఆడి రెండు సేతులూ పట్టుకుని ఎలుగులోకి లాగి, తిప్పి సూసింది, ఏల్ల సందులు సూసింది, గోల్లు సూసింది. ఆడికేదో రోగం ఉందనుకుంది, పిచ్చి తల్లి! ఏటీ కనబడలేదు, బస్తాల కాయలు తప్ప. ఆ కాయలకే నూనె రాసి, ఏటీ లేదు, తగ్గిపోయింది, ఎల్లి నింపు అందంట.

తొమ్మిదేల్లు నింపినాడు. సన్నాసులు తాగినారు, బండోల్లు తాగినారు, పెల్లికి ఎల్లీవోల్లు తాగినారు. మద్దిలో ఒకసారొచ్చి నీలమ్మకి కడుపు సేసి ఎలిపోనాడు. పిల్లకి మాటలొచ్చినాక నీలమ్మ కబురెట్టింది, వస్తే రా, లేదంటే పిల్లని సంకనేసుకుని నానే వస్తాను, ఓడ మాత్రం ఒకసారే ఎక్కుతాను, తిరిగి రాను అని. అప్పుడొచ్చీసినాడు. వచ్చిన నాలుగో రోజుకే, మా పేట సంతరోడ్డుకి ఆనుకునే కదా ఉన్నాది, ఇంటి ముందర గుంజ పాతినాడు, తాటాకు పందిరేసినాడు, రెండు కుండలు, మూత, గరిటి. నీలమ్మ అంది, ఏటయ్యా ఇది, ఎవుడైనా తెలీక తాగితే మన వీపులు పగుల్తాయి అని. పగలనీ అన్నాడు. వైశాకం ఎండలు. సంతకెల్లే బేరగాడొకడు గడగడా తాగినాడు, తాగి మూతి తుడుసుకుని, ఎవుల ఇల్లయ్యా ఇది అని అడిగినాడు. తెలుసుకున్నాక సూడాల ఆడి వేసం! నోట్లో ఏలెట్టుకుని కక్కబోయి, కక్కురాక, తిన్నగా మునసబు కాడికి పరిగెట్టినాడు.

మునసబు తవిటినాయుడు. సెడ్డోడని నానన్ను. ఆపదొస్తే గింజలిచ్చేవోడు, గాని పద్దతంటే పద్దతే. పిలిపించినాడు. ఊరంతా వచ్చింది, మా పేటోల్లు దూరంగా కూకున్నారు. కుండ మాట ఎత్తలేదు ముందు. ఒరే అసిరిగా, రంగంలో అన్నేల్లుండి వచ్చినావు కదా, ఆ దేశం ఎలగుంటాదో సెప్పురా, ఇంటాం అన్నాడు. ఎగతాలికే అనుకో. అసిరయ్య లేసి తువ్వాలు సంకలో ఎట్టుకుని సెప్పినాడంట, "అన్నీ బాగున్నాయని అనను బాబూ. దోమలు బాగులేవు. ఆల్ల సేప పచ్చడి బాగులేదు. మిల్లు మేస్త్రీ మనోడే, మనోడే మనల్ని తంతాడు, అదీ బాగులేదు. ఆడోల్లు కొట్లు ఎట్టుకుంటారు, మొగుడు పెల్లాన్ని అడిగి సుట్ట తీసుకోవాల." ఇక్కడ నవ్వినారందరూ. "ఆల్ల పనులు మనం వచ్చి లాక్కుంటన్నామని కోపం కూడా ఉంది బాబూ, అదేం అబద్దం కాదు, ఆల్ల పిల్లలూ కాలీగా తిరుగుతన్నారు. నన్ను పట్టుకుని పో మీ దేశం పో అని తిట్టినోడున్నాడు. గాని బాబూ, ఆ తిట్టినోడి ఇంటి ముందర కూడా కుండుంది. నాను అందులో నీల్లు తాగినాను. ఆడు సూస్తానే ఉన్నాడు. తిట్టడం మానలేదు, కుండకి మూత బిగించలేదు. నాకా దేశంలో నచ్చింది అదీ" అన్నాడు.

మునసబు మీసం దువ్వుకుని, ఆల్ల పద్దతి ఆల్లది, మన పద్దతి మనది, తెలిసి తాగినోడి కర్మ ఆడిది, తెలీక తాగినోడి పాపం ఊరికెందుకు, కుండలు తీసీ అన్నాడు. తియ్యనంటే ఈ ఏడు కోతలకి మీ పేటోల్లని ఒక్కర్ని కూడా పిలవం అన్నాడు. అదీ దెబ్బ! కోతలు లేవంటే ఏటి తింటాం, మన్ను తింటామా? పేటోల్లందరూ అసిరయ్య ఏపే సూస్తన్నారు. అసిరయ్య నేల సూస్తన్నాడు. తీస్తానన్న మాట నోటి దాకా వచ్చీసింది. అప్పుడు ఆడోల్లలోంచి నీలమ్మ లేసింది. "బాబూ, తెలీక తాగకూడదు, అంతేనా తమరి మాట?" అంది. అంతే అన్నాడు. "గుర్తెట్టి ఉంటే, సూసి తాగినోడు తెలిసి తాగినట్టేనా? ఆడిని ఎవులూ ఏటీ అనరు కదా?" అంది. అనరు అన్నాడు. ఊరందరి ముందరా అన్నాడు, గుర్తెట్టుకోండి. అయితే ఏ గుర్తెట్టమంటారో సెప్పండి అంది. కరణం కిసుక్కున నవ్వి, సీపురు కట్టవే, మీ పేటని గుడ్డోడికి కూడా తెలుస్తాది అన్నాడు. అందరూ పడిపడి నవ్వినారంట. నీలమ్మ నవ్వలేదు, ఏడవలేదు. ఇంటికెల్లి, వాకిలి తుడిసే సీపురు తెచ్చి, తాటిసెట్టంత ఎదురుకర్ర కొసకి కట్టి, పందిరి పక్కన నిలబెట్టీసింది.

అసిరయ్య ఆ దినం కూడు ముట్టలేదు. దోమ్యా సూస్తే ఏటంటాదే, అంత పవిత్రంగా నింపిన కుండ మీద సీపురు ఎగరేసినావే అని పెల్లాన్ని పట్టుకుని ఒకటే గోల. అది కుంపటి ఊదుకుంటా అందంట, కుండ ఉందా? ఉంది. కోతలున్నాయా? ఉన్నాయి. మరి నీ ఏడుపేటి, నోరు మూసుకుని నీల్లు నింపు అని. నింపినాడు పాపం.

ఇంక సూడండి. ఊరోల్లు దాన్ని సూసి మొకం తిప్పుకుని పోయీవోరు, సరే. గాని సంతకి ఊరోల్లే వస్తారేటి? కొండలమీంచి సవరోల్లు వస్తారు, ఉప్పుబండోల్లు వస్తారు, పర్లాకిమిడి కాడ్నుంచి పసువులు తోలుకొచ్చీవోల్లుంటారు. ఆల్లకి కరణం ఎగతాలి ఏం తెలుసు? అంత ఎత్తున సీపురు ఎగురుతంది, కిందేమో సల్లటి నీల్లు. అరకోసు దూరం నుంచే, అదిగో సీపురు, నీల్లొచ్చీసినాయి అని ఎడ్లని అదిలించీవోరంట. రెండు ఎండాకాలాలు తిరిగీసరికి ఆ రోడ్డు మీద సీపురంటే నీల్లు, నీల్లంటే సీపురు. పక్కూరోల్లు సలివేంద్రం ఎట్టినా సీపురు కట్టీడం మొదలెట్టినారు, ఎందుకో ఆల్లకే తెలీదు!

మూడో ఏడు మునసబుగారి తల్లి పోయింది. ఆవిడ పేరు మీద ఊరికి తూరుపేపు పెద్ద సలివేంద్రం ఎట్టించినాడు. పందిరి, మావిడాకులు, మజ్జిగ్గోలెం, పోసీ మనిసి, మా లాంటోల్లకి ఎదురుదోని, అన్నీ ఉన్నాయి. జనం లేరు! బండోల్లు వస్తారు, తలెత్తి సూస్తారు, సీపురు లేదు, ఇదేదో పెల్లిపందిరి కాబోలని ఎడ్లని తోలీసుకుని అసిరయ్య కాడికి వచ్చీస్తారు. మజ్జిగంతా పులిసిపోతంది. తల్లి పేరున పుణ్యం రాదేటని మునసబుకి బెంగట్టుకుంది. ఎనిమిదో రోజున ఆయనగారి పాలేరొచ్చి, నీలమ్మప్పా, ఆ సీపురు లాంటిది ఇంకోటుందా అని నసుగుతన్నాడు. ఎవులికిరా అంది. బాబుగారికి అన్నాడు. నీలమ్మ కొత్త సీపురు కట్టి, మంచి గట్టిగా కట్టి, ఇచ్చి పంపింది. మర్నాడు మునసబు సలివేంద్రం మీద సీపురు ఎగిరింది. ఇంక జనం, ఒకటే జనం. సీపురున్న కాడ ఎవులికి ఆల్లే ముంచుకోడం అలవాటైపోయింది కదా, పోసీవోడు లోటా పట్టుకుని అరుస్తన్నాడు, ఎవుడింటాడు? ఆడి పక్కనుంచి సెయ్యెట్టి ముంచుకుని తాగి ఎలిపోతన్నారు.

ఆ మూడో దినాన అసిరయ్య తువ్వాలు బుజానేసుకుని తిన్నగా అక్కడికి ఎల్లాడంట. మునసబు అక్కడే మంచం మీద కూకున్నాడు. పోసీవోడు ఎదురుదోని తీసినాడు. అసిరయ్య దాని ఏపు సూడలేదు. గోలెం కాడికి నడిసి, మూత తీసి, సెంబు ముంచి, నిలబడి తాగినాడు. పోసీవోడు బాబూ బాబూ అంటన్నాడు. మునసబు ఆడిని సూసినాడు, తలెత్తి సీపురుని సూసినాడు, మల్లీ ఆడిని సూసినాడు. ఏటంటాడు? గుర్తుండగా తాగినోడిని ఎవులూ ఏటీ అనరని ఊరందరి ముందరా అన్నది ఆయనే. ఆ సీపురు కట్టించుకున్నదీ ఆయనే. ఆకరికి, మజ్జిగ పులుపెక్కిందేటిరా అసిరయ్యా అన్నాడంట. అసిరిగా అనలేదు, ఇన్నారా? అసిరయ్యా అన్నాడు.

అదీ సంగతి. ఊరు బావి కాడ మాకు తోవ దొరకడానికి ఇంకా ముప్పయ్యేల్లు పట్టింది, అబద్దమెందుకు, ఒక్క సీపురుకి అన్నీ ఊడ్సుకుపోవు. గాని ఇప్పటికీ ఆ సంతరోడ్డు మీద ఎండాకాలమొస్తే ఎవులు సలివేంద్రం ఎట్టినా పైన సీపురు కడతారు. ఎందుకయ్యా అంటే దిష్టికి అంటారు. దిష్టి అంట, దిష్టి! నీలమ్మ ఉంటే ఆ సీపురే తిరగేసేది. ఇంక లేవండర్రా, నా గొంతు ఎండిపోయింది, అక్కడ నీల్లున్నాయి, ఎవులోకరు ముంచి ఇలగివ్వండి.