ఖాళీ స్లైడు

థాంక్స్ వద్దు వదినా. ఆ రిపోర్టు మడిచి బ్యాగులో పెట్టుకుని ముందు కూర్చో. ఆ స్టూలు కాదు, దాని కాలు ఊగుతుంది. ఇటు రా.

అన్నయ్య ఏం చేస్తున్నాడు? బట్టలు సర్దుకుంటున్నాడా? సర్దుకుంటాడు మరి. బ్లడ్ కేన్సరు వెన్ను నీళ్లలోకి పాకలేదని తేలితే ఇక వెన్నులోకి మందు సూదులు ఆపేస్తామన్నారాయె. చిన్నప్పుడు జ్వరం ఇంజెక్షనుకే మంచం కింద దూరేవాడు. మా నాన్న కాళ్లు పట్టుకుని లాగాల్సొచ్చేది.

నవ్వకు వదినా. నువ్వు నవ్వితే నేను చెప్పలేను.

అది కాదు, విను. ఆ వెన్ను నీళ్లు ఒంట్లోంచి బయటికొచ్చాక కణాలు ఎక్కువసేపు నిలవవు. గంటలోపే మిషన్లో తిప్పి, స్లైడు మీదికి తీసి, రంగేసి చూడాలి. ఆలస్యమైతే టీలో పడ్డ బిస్కెట్టులా కరిగిపోతాయి. కేన్సరు కణం ఉన్నా మాకు కనపడదు.

ట్యూబు మీద అన్నయ్య పేరు చూశాను. సొంతవాళ్ల శాంపిలు పక్కవాళ్లకి ఇచ్చేయాలని ఇక్కడ రూలు. నేనివ్వలేదు. మా అన్నది ఇంకెవరో చూడ్డమేంటని పెద్ద ఆరిందాలా నా ముందే పెట్టుకున్నాను. పెట్టుకుని ఏం చేశాను? మైక్రోస్కోపు అద్దం తుడిచాను. తుడిచిందే తుడిచాను. గ్లవ్స్ మూడుసార్లు మార్చాను. గడియారం ఎదురుగానే ఉంది, లేదనను. చెయ్యి ముందుకి రాలేదు.

రెండు గంటలు పోయాక చూశాను. నాలుగు మసక మరకలు, అంతే. 'కేన్సరు కణాలు కనపడలేదు' అని రాశాను. అబద్ధమా అంటే, ఆ ముక్క అబద్ధం కాదు. శాంపిలు చూసిన టైము రాసే గడి ఉంటుంది చూడు, అబద్ధం అక్కడ రాశాను. డాక్టరుగారు సంతకం పెట్టేశారు. పదకొండేళ్లుగా నా రాతని నమ్ముతున్నారాయన.

అలా చూడకు. ఉందని నేననడం లేదు. లేదని కూడా అనలేను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆ రెండూ నేనే తవ్వుకున్నాను. చెబితే అన్నయ్యకి మళ్లీ సూది, నా ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే రేపు మందు ఆపేస్తారు.

ఎందుకు కూర్చుండిపోయానో అడగవేం? కనపడితే చెప్పాల్సింది నేనేగా, అందుకు. కనపడకపోతే బాగుండునని కోరుకున్నాను. కనపడలేదు.

డాక్టరుగారు పై గదిలోనే ఉన్నారు. నువ్వే వెళ్లి చెప్పు వదినా. నాకొదిలేస్తే నేను చెప్పను. నా సంగతి నాకు తెలుసు.