నొప్పి, పదికి ఎంత

చర్మ వైద్యశాలలో లోపలి గది. పదిహేడేళ్ల కూతురి మొహానికి మత్తు క్రీము పూసి, మీద పల్చటి ప్లాస్టిక్ అంటించి వెళ్లింది నర్సు. మొహం మొద్దుబారడానికి ముప్పావుగంట పడుతుంది. పక్క కుర్చీలో తల్లి.

"ఎక్కువ మాట్లాడకు. ప్లాస్టిక్ లేచిపోతుంది."

"లేస్తే లేవనీ. నేను అడిగినదానికి జవాబు చెప్పమ్మా."

"ఏం అడిగావు?"

"మూడుసార్లు అడిగాను. బస్సులో ఒకసారి, మెట్ల మీద ఒకసారి, ఇప్పుడొకసారి."

"బస్సులో హారన్ల గోల. వినపడలేదు."

"మెట్ల మీద?"

"మెట్ల మీద ఆయాసం."

"సరే. ఇప్పుడు హారన్లు లేవు, ఆయాసం లేదు. ఆపేద్దామా?"

"ఏసీ మరీ చల్లగా పెట్టారు. దుప్పటి ఏదైనా అడగనా?"

"అమ్మా."

"నాలుగు అయిపోయాయి. ఇది అయిదోది. ఇంకొక్కటి మిగులుతుంది. ఆరుసార్లు లేజరు పడాలని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది కదా. గుడ్డ కత్తిరించాక సగంలో వదిలేస్తామా?"

"నేను గుడ్డని కాదుగా."

"మాట దొరికితే చాలు నీకు."

"ఇవాళ లోతు పెంచుతానంది డాక్టరమ్మ. అందుకే అడుగుతున్నా. నాకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి కాగితం మీద సంతకం నీది. నువ్వు పెట్టకపోతే వాళ్లు మిషను ముట్టుకోరు."

"ఎందుకు పెట్టను?"

"నేను వద్దంటున్నాను గనక."

"కిందటిసారి వద్దనలేదుగా. నర్సు నొప్పి పదికి ఎంత అంటే రెండు అన్నావు. రెండంటే చీమ కుట్టినట్టే."

"ఆ. చీమే."

"మరింకేం?"

"విసుగొచ్చిందమ్మా, అంతే. ఇంటికెళ్లాక వారం రోజులు మంట. ఎండలోకి వెళ్లకూడదు, పక్కకి తిరిగి పడుకోకూడదు. నాలుగో రోజుకి మొహం గరుకు కాగితం అయిపోతుంది. అయిదో రోజు నుంచి రాలడం. పొద్దున లేస్తే దిండు మీద సగం మొహం ఉంటుంది."

"రాలితేనే కొత్త చర్మం వస్తుంది."

"మూడోసారి వచ్చింది కొత్త చర్మం. నల్లగా. రెండు నెలలు బుగ్గలకి మసి పూసుకున్నట్టు తిరిగాను."

"అది ఎండలో తిరగడం వల్ల. గొడుగు తీసుకెళ్లమంటే వినవు."

"తీసుకెళ్లాను. పరీక్షకి గొడుగు వేసుకునే వెళ్లాను. గొడుగు కింద కూడా పగలే ఉంటుందమ్మా."

"ఈ మాటలు క్లాసులో వాళ్లకి చెప్పు. అక్కడ మాత్రం నోరు తెరిస్తే ముత్యాలు రాలతాయన్నట్టు కూర్చుంటావు."

"క్లాసులో మాట్లాడితే అందరూ ఇటు తిరుగుతారు."

"ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారా? జల్లెడ అని?"

"మార్చారు. ఇప్పుడు గ్రాఫు పేపరు."

"అదేంటి?"

"లేజరు పడ్డచోట చిన్న చిన్న చదరాలు పడతాయి కదా. లెక్కల క్లాసులో గ్రాఫు కాగితం తెచ్చుకోనిది ఒకతి నా వైపు తిరిగి, బుగ్గ ఇవ్వవే, గీసుకుని ఇచ్చేస్తానంది."

"ఎవతె అది? దాని సంగతి..."

"నా పక్కన కూర్చునేదే. ముందు నవ్వింది నేనే."

"నవ్వావా?"

"బాగుంది కదా మరి. జల్లెడ కంటే నయం. కాస్త చదువుకున్న పేరు."

"నీకు నవ్వులాటగానే ఉంది. రేపు ఏ ఆఫీసుకో పనికి వెళ్తే, ఎదురుగా కూర్చున్నవాడు మొదట చూసేది మొహమే."

"బయట కూర్చున్న లారీ డ్రైవరుకి ఆరూ అయిపోయాయట. ఇవాళ చూపించుకోవడానికి వచ్చాడు."

"నువ్వు అడిగావా? కొత్తవాళ్లతో నోరు విప్పావా?"

"ఆయనే చెప్పాడు, నువ్వు చీటీ కోసం నిలబడ్డప్పుడు. అద్దంలో చూస్తే తగ్గినట్టే ఉంటుందట. చేత్తో తడిమితే మాత్రం అన్నీ అక్కడే ఉన్నాయట. అందుకని మొహం కడుక్కోవడం తొందరగా కానిచ్చేస్తాడట."

"మగవాళ్లకి ఓపిక ఉండదు."

"ఆయన పక్కన బ్యాంకులో పనిచేసే ఆవిడ. ఆవిడకి మాత్రం నిజంగానే తగ్గాయి. దగ్గరగా చూశాను. నాలుగుసార్లకే."

"చూశావా మరి. నేను చెప్పలేదూ."

"ఆవిడవి పైపైన మచ్చలు. నావి అలాంటివి కావు. డాక్టరమ్మ చెప్పింది గుర్తులేదా? పైన చిన్న నోరు, లోపల బావి అంది. మొటిమ దానంతటది తగ్గితే ఇంత లోతు పడదు అంది."

"నీళ్లు తాగుతావా?"

"క్రీము తుడిచేదాకా వద్దంది నర్సు."

"ఓహో."

"ఎప్పుడూ అక్కడికి వచ్చేసరికి నీకు నీళ్లు గుర్తొస్తాయి."

"ఎక్కడికి వచ్చేసరికి?"

"డాక్టరమ్మ మొదటి రోజు అడిగిన చోటికి. ఎవరు గిల్లారు అని అడిగింది కదా."

"నువ్వు చెప్పావుగా."

"చెప్పాను. నేనే గిల్లుకున్నానని."

"అదే. చెప్పావు."

"ఆవిడ రాసుకుంది. అప్పట్నుంచి ప్రతిసారీ నర్సు అది చదువుతుంది. ప్రతిసారీ నేను అవునంటాను. ప్రతిసారీ నువ్వు నీ సంచిలోకి చూస్తావు."

"సంచిలో చీటీ ఉందో లేదో అని."

"చీటీ ఎప్పుడూ ఉంటుందమ్మా."

"గోడ మీద నీ ఫొటోలు చూశావా? నాలుగూ పక్కపక్కన పెట్టింది డాక్టరమ్మ. తేడా తెలియట్లేదూ?"

"లైటు మార్చారు."

"లైటు కాదు. ఎడమ బుగ్గ మీద పదకొండు ఉండేవి. ఇప్పుడు బాగా తెలిసేవి ఎనిమిదే. కుడి వైపు పద్నాలుగుకి పన్నెండు. నుదుటి మీద మూడూ అలాగే ఉన్నాయి. కనుబొమ్మ పక్కది మొండిది. అన్నిటికంటే ముందుది అదే. నీ స్కూలు ఫొటో ముందు రోజుది."

"అన్నీ లెక్కపెట్టావా?"

"లెక్కపెట్టడం ఎందుకు? ప్రతి ఒక్కటీ నేనే..."

"నువ్వే?"

"ఏం లేదు. మాట్లాడకు, గడ్డం దగ్గర లేస్తోంది. ఉండు, అదుముతాను."

"అమ్మా, నువ్వు నా మొహం చూసి ఎన్నాళ్లయింది?"

"ఇదేం ప్రశ్న? రోజూ చూస్తూనే ఉన్నాను."

"మచ్చలు చూస్తావు. నేను ఏదో చెప్తుంటానా, నీ కళ్లు బుగ్గ మీద ఉంటాయి. కొలతలు తీస్తున్నట్టు. ఏం చెప్పానో అడిగితే చెప్పలేవు."

"పని ధ్యాసలో ఉంటాను."

"ఆరోది అయ్యాక కూడా ఇవి పోకపోతే?"

"పోతాయి."

"పోకపోతే?"

"ఏడోది చేయిద్దాం."

"ఆ తర్వాత?"

"నాకు తెలీదే. అన్నీ పోవాలి, అంతే. ఒక్కటి మిగిలినా నాకు..."

"నాకు కాదు. నీకు."

"నాకే. అవును. ఒక్కటి మిగిలినా నాకు అన్నం సయించదు. ఆ సూది ఇంకా డబ్బాలోనే ఉంది, తెలుసా."

"తెలుసు. బొత్తాల కింద."

"పూసలు కుట్టడానికి అంత సన్నది మళ్లీ దొరకలేదు. అయినా మూడేళ్లుగా దాన్ని ముట్టుకోలేదు."

"కాల్చేదానివి కదమ్మా, పొయ్యి మంట మీద. దూదితో తుడిచేదానివి. శుభ్రంగానే చేశావు."

"మొటిమ శుభ్రంగా గుచ్చితే మచ్చ పడదనుకున్నాను. పెద్ద డాక్టర్ని మరి. తప్పు కుట్టు విప్పినంత తేలికనుకున్నాను. వారమంతా కుట్టు మిషను మీదే ఉంటానని, ఆదివారం పొద్దున గంటసేపు దాన్ని ఆపి, గుమ్మం దగ్గర వెలుతుర్లో నిన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని... ఆ ఒక్క గంటలో చేసింది ఈ పని."

"అప్పుడు నీకు తెలీదు."

"నొప్పా అని అడిగేదాన్ని. అడిగేదాన్నా లేదా?"

"అడిగేదానివి."

"లేదనేదానివి."

"లేదనేదాన్ని. ఊరుకో, నర్సు వస్తోంది."

"ఏమ్మా, మొద్దుబారిందా?"

"పెదవి తెలియట్లేదు సిస్టర్. బుగ్గలు ఇంకా కొంచెం తెలుస్తున్నాయి."

"ఇంకో పావుగంట. ఈలోగా కాగితం కానిచ్చేద్దాం. అవే ప్రశ్నలు, విసుక్కోకండి. నాకూ విసుగే. పొద్దుట్నుంచి నువ్వు పదకొండోదానివి. మందులేమైనా వాడుతున్నావా?"

"లేదు."

"జ్వరం, జలుబు?"

"లేదు."

"మొటిమలు గిల్లుకునే అలవాటు? ఉంది. ఇది మనకి తెలిసిందే, టిక్కు పెట్టేస్తున్నా."

"పెట్టకండి."

"ఏమన్నారండీ?"

"ఆ టిక్కు పెట్టకండి. నా కూతురు గిల్లుకోలేదు. ఎప్పుడూ గిల్లుకోలేదు."

"అమ్మా, వదిలెయ్."

"చేసింది నేను. బట్టలు కుడతాను సిస్టర్. ఆ సూదితోనే దీని మొటిమలు గుచ్చాను. రెండేళ్లు, ప్రతి ఆదివారం. డాక్టరమ్మ అడిగిన రోజు కూడా నేను ఈ కుర్చీలోనే ఉన్నాను. ఇది నా వైపు ఒకసారి చూసి, నేనే గిల్లుకున్నానని చెప్పింది. ఆవిడ దీన్ని చీవాట్లు పెట్టింది. నేను వింటూ కూర్చున్నాను. రాయండి."

"ఎక్కడ రాయనండీ? ఉంది, లేదు, రెండే గడులు ఉన్నాయి."

"పక్కన ఖాళీ ఉందిగా."

"అది డాక్టరుగారి సంతకానికి."

"అయితే ఉంది అన్నది కొట్టెయ్యండి. అది చాలు."

"సరే. కొట్టేశాను. కిందటిసారి నొప్పి, పదికి ఎంత? రెండు. అంతకుముందు రెండు. నీలాంటివాళ్లు వస్తే మాకు పండగే తల్లీ. బయట ఉన్న లారీ డ్రైవరుగారు ఎనిమిది అని, కుర్చీ పిడి చేతికి ఊడొచ్చేదాకా పట్టుకున్నారు. రెండే వేసుకోనా?"

"రెండే సిస్టర్."

"నిజం చెప్పు."

"అమ్మా..."

"నేను చెప్పాను కదా ఇప్పుడు. నువ్వూ చెప్పు."

"తొమ్మిది."

"ఎప్పుడు? కిందటిసారా?"

"అన్నిసార్లూ. మూడోసారి గడ్డం దగ్గరికొచ్చేసరికి తొమ్మిదికి పైనే. వెంట్రుకలు కాలిన వాసన వస్తుంటే, అది నా మొహమే కదా అనుకుంటూ పడుకున్నాను."

"అదేంటమ్మా, చెప్తే ఆగి ఆగి చేసేవాళ్లం కదా. డాక్టరుగారు తగ్గించేవారు. నువ్వు రెండు రెండు అంటున్నావనే ఇవాళ లోతు పెంచుదామన్నారు. సరే, ఇప్పుడు ఏం చెప్పమంటారండీ? సంతకం ఇక్కడ."

"పెట్టను."

"వాయిదానా, ఆపేయడమా? డాక్టరుగారు అడుగుతారు."

"దాన్ని అడగండి. మొహం దానిది."

"ఆపేయండి సిస్టర్."

"విన్నారుగా. ఆ క్రీము తుడిచెయ్యండి."

"తడి దూది తెస్తాను. ఈలోగా చేత్తో ముట్టుకోకు."

"వెళ్లిందా, అమ్మా?"

"వెళ్లింది."

"నువ్వు మళ్లీ సంచిలోకి చూస్తున్నావు."

"చీటీ చించేద్దామని. ఇటు తిరుగు. నాకూ ఒకటి చెప్పు, పదికి ఎంతో."

"ఏది?"

"నా సూది."

"అదెందుకు ఇప్పుడు?"

"చెప్పవే."

"పది."

"పదికి పదా? మరి రెండేళ్లు నోరెత్తలేదేం? ఒక్కసారి అబ్బా అంటే చేయి తీసేసేదాన్ని కదే. కదలనైనా కదల్లేదు నువ్వు."

"కదిలితే నన్ను ఒళ్లోంచి దించేసి, మళ్లీ మిషను దగ్గరికి వెళ్లిపోతావని."