పలచన

మరి జేబు ఏమిటికి చూసుకుంటిరి సార్, మీకు తెలుగు రాకపోతే?

మా మరిది గోకుల్ అన్నాడా లేదా, "ఈయన జేబులో పెన్ను కారుతా ఉంది, మొద్దుకు తెలీలేదు" అని? తెలుగులోనే అన్నాడు. మీ చెయ్యి నేరుగా జేబు మీదికి పోయింది. వాడు చూడలేదు. మా ఇంటాయన అసలే చూడలేదు. నేను చూసినాను. టాక్సీ తోలేదాన్ని సార్, ముందర రోడ్డు చూస్తానే అద్దంలో వెనక లారీని కూడా చూస్తాను.

తల అడ్డంగా ఆడించకండి. ఏ ఊరు మీది? హోసూరా? ఆ పక్క పల్లెనా?

అదీ! అట్ల చెప్పండి.

మీ ఇంట్లో కూడా మా మాదిరే ఉంటుంది అయితే. తమిళం సంపాదించుకునేదానికి, తెలుగు తిట్టుకునేదానికి. రాయమంటే నాలుగు అక్షరాలు రావు మాకు. కానీ బయటోళ్ళ ముందర ఏదన్నా దాచాలంటే చటుక్కున తెలుగులోకి దూరిపోతాం. బస్సులో, ఆసుపత్రిలో, అంగట్లో బేరం చేసేటప్పుడు. ఎదుటోడికి రాదనే ధైర్యం. ధర్మపురిలో కంపెనీ చొక్కా వేసుకున్నోడు ఎవడూ తెలుగోడు కాడని మా వాళ్ళ నమ్మకం.

కాబట్టి మీరు మొత్తం విన్నారు. నా ఇంజన్ ఏమిటికి చచ్చింది, దాన్ని ఎవరు చంపినారు, ఆ చావు ఎవరి నెత్తిన వెయ్యాల, అంతా మీ ముందరే, ఈ షోరూమ్ సోఫాలోనే కూర్చుని మాట్లాడుకున్నారు. మీరు ఆ కళ్ళద్దాల వెనక నుంచి గోడ మీది క్యాలెండర్ చూస్తా కూర్చున్నారు, పెళ్ళిలో ఎవరికీ చుట్టం కానోడి మాదిరి.

ఇప్పుడు వాళ్ళు టీకి పోయినారు. కావాలనే పోయినారు. వారంటీ ఇచ్చేదా లేదా తేల్చే సారు మీరు, నన్ను ఒంటిగా అడగాల కదా, "ఆయిల్ మార్చింది ఎవరమ్మా?" అని. మీరు తమిళంలో అడగాల, నేను తమిళంలో ఏడవాల. జవాబు నేర్పించే పోయినారు. "నేనే మార్చినాను సార్, రోడ్డు పక్క అంగట్లో ఏదో ఇచ్చినారు, ఆడదాన్ని, నాకేం తెలుసు" అనాలంట. ఆఖర్న కొంగుతో కళ్ళు తుడుచుకోవాలంట. అది చెప్పింది గోకుల్.

నేను వేసుకున్నది చుడీదార్ అని కూడా చూడలేదు ముండాకొడుకు!

థూ.

ఆ సీసా చూడండి సార్, మీ బల్ల మీద ఉండేది. నా కారులో నుంచి తీసిన ఆయిలే కదా? బెల్లం పాకం మాదిరి గోడకు అంటుకుని దిగనంటుంది. అది ట్రాక్టర్‌కు పోసేది. నా కారుకు పోయాల్సింది జీరో డబ్ల్యూ ట్వెంటీ. ఇంజన్ మూత మీదే అచ్చు కొట్టి ఉంది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనూ ఉంది. వేరే ఆయిల్ పోస్తే వారంటీ లేదని కూడా ఉంది. ఇంగ్లీషే, అయితే ఏమి? కారు వచ్చిన వారంలోనే కూడబలుక్కుని చదివినాను. బతుకు దాని మీద కదా.

పోసింది మా ఇంటాయన. జయప్రకాశ్. మామిడి కోతలు మొదలైనప్పుడు.

సర్వీసుకు ఇక్కడికి తోలుకొస్తానంటే వద్దన్నాడు. "షోరూమోళ్ళకు ఏం తెలుసు, మన ఆంజనేయన్ ఉన్నాడు" అన్నాడు. ఆంజనేయన్ అంటే మహేంద్రమంగళంలో ట్రాక్టర్లు బాగుచేసేవాడు, ఈయన దోస్తు. ఇద్దరూ కలిసి పెరట్లో పాత ఆయిల్ కిందికి దించినారు. మా ఇంటాయన రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసినాడు. ముఖం అట్ల పెట్టినాడు సార్, నేను చారులో ఉప్పు మరిచిపోయిన దినం పెడతాడే, ఆ ముఖం.

"ఇది ఆయిలా? నీళ్ళు! ఇంత పలచనా?"

మా ఇంట్లో పలచన అంటే తిట్టు. మీకు తెలుసు కదా. సంగటి గట్టిగా ఉండాల. పులుసు చిక్కగా ఉండాల. మజ్జిగ కొంచెం పలచనైతే మా అత్త సరసమ్మ గ్లాసు ఎత్తి ఎండకు పట్టి చూపిస్తుంది, దాంట్లో నుంచి పక్కింటి గోడ కనిపిస్తా ఉందని. పెళ్ళైన కొత్తలో నన్ను చూసి కూడా అదే మాట, "పిల్ల పలచగా ఉంది, పని చేస్తుందా" అని. చిక్కనిదంతా మంచిది. పలచనిదంతా మోసం. వీళ్ళ సైన్సు అంతే.

నేను వద్దన్నాను సార్. మూత తీసి చూపించినాను. "ఇదో, జీరో డబ్ల్యూ అని ఉంది, ఇదే పోయాల" అని.

మా ఇంటాయన ఏమన్నాడో తెలుసా? "డబ్ల్యూ అంటే ఏమి? వైఫ్! ముందర సున్నా పెట్టినారు చూడు. వైఫ్ మాట సున్నా అని కంపెనీవాడే రాసి పంపినాడు."

ఆంజనేయన్ నవ్వినాడు. పానా కింద పడేసుకునేంత నవ్వు.

డబ్ల్యూ అంటే వింటర్, చలి అని చెప్పినాను. "ధర్మపురిలో చలి ఎక్కడుంది? ఇది మంచు దేశాలోళ్ళ ఆయిల్. మన ఎండకు కర్పూరం మాదిరి ఎగిరిపోతుంది" అన్నాడు. చలి ఊరికి కాదయ్యా, రాత్రంతా ఊరికే నిలబడిన ఇంజన్‌కు, తెల్లారి తాళం తిప్పిన వెంటనే ఆయిల్ పైకి పరిగెత్తాల, పలచగా ఉంటేనే పరిగెత్తేది అన్నాను. ఎవరు విన్నారు? డ్రమ్ములో నుంచి ఒలకబోసినాడు. పోస్తా పోస్తా నన్ను చూసి, "చూడు, తేనె!" అన్నాడు.

తేనెంట.

మర్నాటి నుంచే తెల్లారి స్టార్ట్ చేస్తే కటకటమని పళ్ళు కొరికేది. చెప్పినాను. "కొత్త ఆయిల్ కదా, సర్దుకుంటుంది" అన్నాడు. మైలేజీ పడిపోయింది. చెప్పినాను. "ఏసీ జాస్తి వేస్తావు నువ్వు" అన్నాడు. మీటర్లో ఆయిల్ గుర్తుండే ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరింది. చెప్పినాను. "నీకు లైటు కూడా భయమేనా" అన్నాడు. సర్వీసుకు నేనే తోలుకొస్తాను అంటే బండి తాళం మా అత్త బొడ్లోకి పోయింది. రెండు దినాలు నా పాసింజర్లకు ఫోన్ చేసి లేదని చెప్పుకున్నాను. మూడో దినం తాళం అడుక్కున్నాను. సర్వీసు మాట ఎత్తనని ఒప్పుకుని!

మీరట్ల చూడకండి. తాళం బొడ్లోకి పోయిన ఇల్లు మీకు కొత్తా?

నా పాసింజర్లు ఎవరనుకున్నారు? టూర్లకు పోయేవాళ్ళు కాదు. కంబైనల్లూరు చుట్టుపక్కల ఆడోళ్ళు. కడుపుతో ఉండేవాళ్ళు, డయాలిసిస్‌కు పోయేవాళ్ళు. మగ డ్రైవర్ అయితే వాంతి వస్తుందని చెప్పేదానికి కూడా సిగ్గు వాళ్ళకు. నా బండిలో అయితే సీటు వెనక్కి వాల్చుకుని, గుండీలు వదులు చేసుకుని, కాళ్ళు చాపుకుని పడుకుంటారు. మోహనప్రియ బండి అంటే అదీ.

ఆ దినం కాళియమ్మను సేలంకు తీసుకుపోతా ఉన్నాను, డయాలిసిస్‌కు. అదియమాన్‌కోట్టై దాటినాను. ఇంజన్‌లో నుంచి ఒక అరుపు. అంతే, చచ్చింది. చెట్టు లేదు, నీడ లేదు, లారీలు దుమ్ము కొట్టి పోతా ఉన్నాయి. కాళియమ్మకు దాహం. ఆమె నీళ్ళు గుక్కెడుకు మించి తాగకూడదు. బాటిల్ మూతలో పోసి పెదాలు తడిపినాను. చెయ్యి అడ్డం పెట్టి పెట్టి ఒక వ్యాన్ ఆపి ఎక్కించి పంపినాను. నన్ను ఒక్క మాట అనలేదు సార్ ఆమె. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికి ఫోన్ చేస్తే మా ఇంటాయన అడిగిన మొదటి మాట, "నువ్వు ఏం చేసినావు?"

కాళియమ్మ ఏమైంది అని కాదు. ఎక్కడున్నావు అని కాదు.

సరే, బండి ఇక్కడికి ఈడ్చుకొచ్చినారు. కౌంటర్లో శక్తి ఉన్నాడే, మీ శక్తి, నన్ను చూసి "ఓనర్ వరలియా?" అంటాడు. ఓనర్ రాలేదా అంట! ఎదురుగా నిలబడి ఉన్నాను నేను. "నేనే ఓనర్" అన్నాను. "సరే అక్కా, సార్ నంబర్ ఇవ్వండి" అన్నాడు. ఓనర్ నేనని ఒప్పుకున్నాడు, మాట్లాడేది మాత్రం సారుతో!

ఆ శక్తే మా ఇంటాయనకు ఉపాయం చెప్పింది. ట్రాక్టర్ నడిపే మగోడు, తెలిసీ పోసినాడంటే కంపెనీ దమ్మిడీ ఇవ్వదు. అదే లేడీస్ ఓనర్, తెలియక పోసిందంటే పైనుంచి వచ్చే సారు మనసు కరిగి సగమన్నా ఇప్పిస్తారు అని. మనసు కరిగే సారు మీరే.

నేను చెప్పను అన్నాను. రాత్రి మా ఇంటాయన ఏమన్నాడో వినండి. "నేను పోసినానని తెలిస్తే ఊళ్ళో పలచనైపోతాను. నలుగురూ ఇంజన్ సంగతి నన్ను అడిగి చేస్తారు. నీకేం పోయింది? ఆడదానివి. నిన్నెవరు ఏమనుకుంటారు?"

పలచన! చూస్తిరా సార్ ఆ మాట? ఆయిల్ పలచన కాకూడదు. ఆయన పలచన కాకూడదు. నేను మాత్రం నీళ్ళు. ఎంత పలచన చేసినా ఇంకా చేసేదానికి ఉంటాను.

ఇంకొకటి కూడా వింటిరి మీరు. ఇప్పుడే, ఇక్కడే. గోకుల్ ఏమన్నాడు? "ఇంజన్ వచ్చినాక నేను తోలుతాను లే అన్నా. వదిన చేతికిస్తే మళ్ళీ ఇదే గతి." మా ఇంటాయన ఏమన్నాడు? "ఊఁ" అన్నాడు. అబద్ధం ఇంకా నా నోట్లో నుంచి బయటికే రాలేదు, దానికి శిక్ష అప్పుడే వేసేసినారు! నేను తెలివి తక్కువదాన్ని అని నేనే ఒప్పుకోవాల, తెలివి తక్కువదాని చేతికి బండి ఇవ్వకూడదని వాళ్ళు తీర్మానం చెయ్యాల. తరవాత కాళియమ్మ ఎవరి బండిలో కాళ్ళు చాపుకుంటుంది? గోకుల్ బండిలోనా? వాడు అద్దం ఎటు తిప్పి పెట్టుకుంటాడో నాకు తెలుసు.

ఆ మాటకు మీరేం చేసినారు సార్?

నవ్వినారు. చిన్నగా. పెదవి ఈ పక్కకు పోయింది. గోకుల్ "వదిన చేతికిస్తే" అన్నాడు చూడండి, సరిగ్గా అప్పుడు.

కాదనకండి. పెన్ను గురించి అన్నప్పుడు జేబు చూసుకున్నారు. నా గురించి అన్నప్పుడు నవ్వుకున్నారు. అందుకే అడుగుతా ఉన్నాను, ఇంతసేపు నోరు ఏమిటికి తెరవలేదు? "నాకు తెలుగు వచ్చు" అని ఒక్క మాట అని ఉంటే వాళ్ళ నోళ్ళు మూతబడేవి. అనలేదు. బాగుంది కదా, చాటు నుంచి వినేది. ఊరికే వచ్చిన వినోదం.

ఏమంటారు? ఇప్పుడు తెలుగులోనే అంటారే! ఒక్క మాటే కదమ్మా, చెప్పేస్తే సగం ఖర్చు తప్పుతుంది అనా? ఇల్లు నిలబడుతుంది అనా?

జేబు మీద సిరా చుక్క పడితే చెయ్యి చటుక్కున పోయింది మీకు. నాది మరక కాదా?

నేను లెక్క వేసుకునే వచ్చినాను సార్. నిజం చెప్తే వారంటీ లేదు. బండి పెరట్లో కోళ్ళకు గూడు అవుతుంది. అబద్ధం చెప్తే బండి నడుస్తుంది, తోలేది గోకుల్. వెనక సీట్లో నేను, ఒడిలో టిఫిన్ క్యారియర్. నడవని బండికి ఓనర్‌గానన్నా ఉంటాను గానీ ఆ సీట్లో కూర్చోను. పోనీయండి. ఎవరి బండి అన్నా జీతానికి తోలుతాను. లైసెన్స్ నాది. దాన్ని ఎవరూ బొడ్లో దోపుకోలేరు, ఇక్కడ నా బ్యాగులో ఉంది.

ఇదో, వచ్చేస్తా ఉన్నారు. మీకు కూడా టీ తెస్తా ఉన్నాడు చూడండి మా ఇంటాయన, రెండు చేతులా పట్టుకుని. నాకెప్పుడన్నా తెచ్చినాడా అట్ల?

ఇంతవరకు మీతో ఇంటి మాటలో చెప్పినాను. ఇంటి మాట ఇంట్లోనే ఉంటుంది, అదే దాని రోగం. ఇప్పుడు కౌంటర్ దాకా వినపడే మాటలో చెప్తాను. అడగండి మీ ప్రశ్న.

అడగరా? అడగకపోయినా చెప్తాను.

"సార్! ఆయిల్ ఊత్తినదు నాన్ ఇల్లే! ఎన్ వీట్టుక్కారర్ దాన్! నాన్ వేండాన్ను సొన్నేన్, అవర్ దాన్ ఊత్తినారు!"

శక్తీ, విన్నావా తంబీ? పోసింది నేను కాదు, మా ఇంటాయన. వద్దని నేను చెప్పినాను. విన్నావు కదా? సరే.

ఏమండీ, అట్లే నిలబడిపోయినారు? టీ ఒలుకుతా ఉంది, చొక్కా మీద పడుతుంది.

తెలుగులో తిట్టకండి. ఈ సారుది హోసూరు పక్క. మొదట్నుంచి అంతా అర్థమవుతానే ఉంది ఈయనకు. గోకుల్, మొద్దు అన్నావే, అది కూడా.

రాసుకోండి సార్. వారంటీ లేదనే కదా, రాసుకోండి. జేబు ఎట్లాగూ పాడైంది, సిరా అంతా కారిపోకముందే రాసుకోండి.