రెండు పౌండ్లు మోయని ట్రిగ్గర్

హలో… ఆ, నేనే. ఎమెట్‌నే. నా షాపులో నా ఫోను ఇంకెవరెత్తుతారు రా, గ్లెన్?

గట్టిగా మాట్లాడు. లేత్ తిరుగుతోంది… ఉండు, ఆపుతా.

ఆ. ఇప్పుడు చెప్పు, తమ్ముడూ. రాష్ట్ర పోటీలు ఎలా సాగుతున్నాయి? కొలంబస్‌లో ఇంకా మంచు పడుతోందా?

… గొంతేంటి అలా ఉంది?

… ఆపించేశారా. మధ్యలోనా? ఎందుకని?

… ఒక్కసారి నొక్కితే రెండు పేలాయా. అయ్యయ్యో.

ఏ రౌండులో, నిదానంగా కాల్చే దాంట్లోనా?… కాదా. పది సెకన్లలో అయిదు కాల్చాలే, ఆ రౌండులోనా. సరిగ్గా అందులోనే జరగాలా పాపం.

రెండోది ఎటు పోయింది?… పైకి. పోదూ మరి. నేను ముందే మొత్తుకున్నా. ఉక్కు పిస్టలైతే తన బరువుకి తనే మూతి దించుకుని కూర్చుంటుంది. నువ్వు వింటేగా. నీకు తేలికది కావాలి, అల్యూమినియం గొట్టం కావాలి, సుకుమారం కదా మణికట్టు. తేలికది ఎగురుతుంది రా.

… పైన లైటు పగిలిందా. మనుషులకేం కాలేదుగా?… మరింకేం. లైటుదేముంది.

ట్రిగ్గర్‌కి రూలు ప్రకారం రెండు పౌండ్ల బరువు తగిలించి, పిస్టల్ ఎత్తి చూశారా?… పొద్దున చూసినప్పుడు మోసిందా. ఇప్పుడు?… రెండు పౌండ్లూ మొయ్యలేదు. ఎత్తగానే జారిపోయింది. చ్చొచ్చొచ్చొ.

లేదు, నవ్వట్లేదు. శాండ్‌విచ్ తింటున్నా. నిన్నటి మాంసం, నమిలితే నలగట్లేదు.

… నన్నడిగితే నేనేం చెప్పను? కొత్త ట్రిగ్గర్ వేశా, కొత్త స్ప్రింగు వేశా. చెక్క పిడి నీ అరచేతికి సరిపోయేలా కూర్చుని చెక్కా. పైన గురి చూసే ఎర్రచుక్క అద్దం బిగించా. బరువు నీ కళ్ళెదుటే ఎత్తి చూపించా, నువ్వే తలూపావు. ఏ అన్న చేస్తాడు రా ఇంత?

… అది మొదట ఇచ్చినప్పుడా. మొన్న మళ్ళీ తెచ్చావుగా, పిడి బొటనవేలికి గుచ్చుకుంటోందని. రెండ్రోజులు నా బల్ల మీద పడుంది. నిన్న సాయంత్రమేగా మా టాబీ చేతికిచ్చా, పొద్దున నీకివ్వమని…

ఏంటి? అడుగు. అడగాలనుకుంటే సూటిగా అడుగు, నసక్కు.

… నీ పక్కన ఎవరైనా ఉన్నారా?

… వరండాలోకి వచ్చేశావా. ఎవరూ లేరుగా?

అయితే విను. ఆ, నేనే.

సుత్తిని పట్టి ఆపే కొక్కెం ఉంటుంది లోపల. దాని అంచుని సానరాయి మీద ఎంత పలచగా దించానంటే — పొద్దున వాళ్ళు చూసినప్పుడు రెండు పౌండ్లూ మోస్తుంది. ఓ పెట్టెడు తూటాలు పేలాక మొయ్యదు. సగం పోటీ దాకా నువ్వు రాజువి, ఆ తర్వాత నీ పని గోవిందా. అంత లెక్కగా దించడం ఈ ఒహాయోలో ఇంకెవడికి చేతనవుతుంది రా? నువ్వు మెచ్చుకోవులే, నాకు తెలుసు.

… ఎందుకా. నువ్వు అడుగుతున్నావా ఎందుకని?

క్లబ్బు విందులో గెలిచిన షీల్డు చంకలో పెట్టుకుని, మైకు పట్టుకుని ఏమన్నావ్? 'మా అన్న చేతులు పిస్టళ్ళు బాగుచెయ్యడానికే, కాల్చడానికి పనికిరావు' అన్నావా, లేదా?… సరదాకే. అందరూ సరదాకే నవ్వారు. నేనూ నవ్వా. ఇంటికెళ్ళి మీ వదిన లోయిస్‌తో రెండ్రోజులు మాట్లాడలేదు. చెయ్యి చాపితే వణకడం నాకొచ్చిన జబ్బు రా, నేను కొని తెచ్చుకున్నది కాదు. బల్ల మీద ఆనిస్తే వణకదు, చూశావుగా. నా కడుపెంత మండిందో నీకేం తెలుసు? ఇప్పుడు తెలుస్తుంది, నలుగురిలో నిలబడి మోసగాడనిపించుకుంటే—

… ఏంటి? మళ్ళీ చెప్పు.

… కాల్చింది నువ్వు కాదా. మరెవరు?

… ఏ టాబిత?

… మన టాబితా? మా టాబీనా?

… దానికెందుకిచ్చావు? దాని పిస్టల్ దానికుందిగా. నా చేత్తో పెట్టెలో సర్ది పంపా… ఎర్రచుక్క వెలగలేదా. బ్యాటరీ మార్చాల్సింది… మార్చినా వెలగలేదా. వెలక్కపోతే పోటీ మానుకుంటుంది. నువ్వు తప్పుకుని నీది దాని చేతిలో పెట్టమని నిన్నెవడడిగాడు?

… కూతురు లాంటిదా. లాంటిదేగా. నా కూతురది. అంత ముద్దుగా ఉంటే ఓ కుక్కని పెంచుకో.

… అవున్రా, కుక్కనే పెంచుకోమన్నాను. ఏం చేస్తావ్?

టాబీ కూడా నవ్వింది ఆ రోజు. క్లబ్బులో. అందరికన్నా ముందు నవ్వింది.

… ఇప్పుడెక్కడుంది? ఏడుస్తోందా?… ఏడవట్లేదా. గోడకేసి చూస్తోందా.

కాలేజీ కోచ్ చూశాడా ఇదంతా?… చూశాడు. ఆయన వచ్చిందే దీని కోసం. ఈ ఒక్క పోటీ చూసి జట్టులోకి తీసుకుంటానన్నాడు. పోయినేడాది నుంచీ అదే కలవరిస్తోంది ఇంట్లో… సంచీ సర్దుకుంటున్నాడా.

ఏమంటున్నారు అక్కడ?… కావాలనే అరగదీసిందని. గన్‌స్మిత్ కూతురు కదా, పని వచ్చు కదా, రాత్రి పిస్టల్ దాని దగ్గరే ఉంది కదా అని… నిషేధమా. ఏడాదా?

నేనే చేశానని నువ్వు చెప్పు… చెప్పావా. ఏమన్నారు?… నవ్వారా. నవ్వుతారు మరి. నీకు స్ప్రింగు మార్చడం కూడా రాదని ఊరంతా తెలుసు.

… నేనా. నేను చెప్పాలా?

ఒరేయ్, నీకు చెప్పుకున్నా. నా కడుపుమంట నీకు తెలియాలని చెప్పా, ఊరికి చాటమని కాదు. ఈ రాష్ట్రంలో సగం మంది పిస్టళ్ళలో ఉన్నది నా పనితనం. షెరీఫ్ మనుషులు కూడా నా దగ్గరికే తెస్తారు. తమ్ముడి మీద కక్షతో ట్రిగ్గర్ చెడగొట్టాడని బయటికొస్తే, రేపు ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడు? నాకు వచ్చిన పని ఇదొక్కటే. కాల్చడం ఎలాగూ పోయింది. ఇదీ పోగొట్టుకోమంటావా?

… చిన్నపిల్ల రా అది. ఏడాది తర్వాత మళ్ళీ కాలుస్తుంది… కోచ్ మళ్ళీ రాడు. తెలుసు. నాకు తెలీదా?

… ఎవరు? ఎవరొచ్చారు నీ దగ్గరికి?… ఆష్బీనా. పోటీలు నడిపే ఆష్బీనా. నేను లేనని చెప్పు. ఫోనివ్వకు. గ్లెన్, ఫోను ఆయనకివ్వకు—

… ఆష్బీ గారా. చెప్పండి సార్. బాగున్నారా?

… విన్నానండీ, ఇప్పుడే మావాడు చెప్పాడు.

… అవునండీ, ఆ పిస్టల్‌కి కొత్త సామానంతా వేసింది నేనే… మోసింది సార్. రెండు పౌండ్లూ శుభ్రంగా మోసింది. నా షాపులోంచి లోపంతో ఏ పిస్టలూ బయటికి వెళ్ళదు. మీదే చూడండి, ఎన్నేళ్ళయింది, ఎప్పుడైనా మొరాయించిందా?

… మా తమ్ముడా. వాడు ఏవేవో అంటాడండీ. పిల్లంటే ప్రాణం వాడికి. ఆ పిల్లని కాపాడ్డానికి తన మీద వేసుకుంటాడు, నా మీద వేస్తాడు. మనసు మంచిది. వాడి మాట పట్టించుకోకండి.

… నిన్న సాయంత్రం నుంచీ దాని దగ్గరేనండీ. అవును. తన గదిలోనే పెట్టుకుంది.

… మా అమ్మాయికా.

… వచ్చండీ. ఆ పని బాగా వచ్చు. నేనే నేర్పా.

… సానరాళ్ళు బల్ల మీదే ఉంటాయి. తాళం వెయ్యను. ఇంట్లో మనిషే కదా అని… నేను దాన్ని అన్నానని కాదు సార్. మీరడిగారు, ఉన్నది చెప్పా. వయసు కదా, గెలవాలని ఉంటుంది. తండ్రిగా నాకెంత కష్టంగా ఉందో మీకు తెలియంది కాదు.

… మీ ఇష్టం సార్. మీరెలా చెప్తే అలా. మా ఇంటి పిల్లని చూసీ చూడనట్టు వదిలెయ్యమని నేను అడగను.

… ఎవరికిస్తున్నారు?

… టాబీ.

… పక్కనే ఉన్నావా. నేనన్నవి వినపడ్డాయా?

… చూడు బంగారం, ఇప్పుడు నేను—

… కొక్కెం నీకు చూపించారా. భూతద్దం కింద పెట్టి.

… ఆ అంచు వాలు చూడగానే నా పనేనని తెలిసిపోయిందా. తెలుస్తుందిలే. నా చెయ్యి నీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది.

… ఆయనకి చెప్పేశావా?

… ఏమని?

… నువ్వే చేశావని.

… ఎందుకన్నావ్ అలా? నిన్ను నేనడిగానా? నా నోటితో నేను అడిగానా, టాబీ?

… నాన్నే అలా అన్నాక, నువ్వు కాదంటే ఎవరు నమ్ముతారనా.

… అదీ నిజమేలే.

కోచ్ ఉన్నాడా?… కారెక్కేశాడా. నువ్వు వెనకాల పరిగెత్తలేదుగా? అదొక్కటీ మంచి పని చేశావు. బతిమాలుకుంటే ఇంకా చులకన.

… నీ మీద కక్షతో చెయ్యలేదు. నీ చేతికొస్తుందని నాకు తెలుసా? ఆ మాట నమ్ము, చాలు… నమ్మకపోతే మానెయ్.

… ఏం చెప్పమంటావ్? చెప్పినంత మాత్రాన ఆ కోచ్ వెనక్కి తిరిగొస్తాడా? నీది ఎలాగూ పోయింది. నాదెందుకు పోవాలి?

విను. అన్నావు కదా, ఇక మాట మార్చకు. ఇప్పుడు మారిస్తే ఇద్దరం పోతాం. మీ బాబాయి నా పేరు చెప్తాడు, చెప్పనీ. నువ్వు కాదంటే అయిపోతుంది… అవును, నువ్వే కాదనాలి. ఇంకెవరంటారు?

… మీ అమ్మకా. మీ అమ్మకీ అదే చెప్పు.

… ఏంటి, పిలుస్తున్నారా? పోటీల జ్యూరీ ముందు మళ్ళీ చెప్పాలా… సరే, వెళ్ళు. తడబడకుండా చెప్పు. గొంతు వణికితే అనుమానమొస్తుంది.

… ఇంకా అక్కడే నిలబడ్డావా?



రండి హెర్షెల్ గారూ, లోపలికి రండి. మీ రైఫిలు ఎప్పుడో అయిపోయింది. అలా కూర్చోండి, కాఫీ పోస్తా.

టాబీ, షాపులోకి మనుషులొచ్చారు. వెళ్ళి అదే చెప్పు. పెట్టేస్తున్నా.