ఫ్లెక్సీలో వాసిం

జగ్గయ్యపేట సెంటర్లో ఎంపీగారి అనుచరుణ్ని ఒక పెద్దావిడ నిలేసింది. పైన కొత్త ఫ్లెక్సీలో ఎంపీగారు దండం పెడుతున్నారు. పక్కనే ఆమె కొడుకు వాసిం ఫొటో, చుట్టూ బంతిపూలు.

“పొద్దుట్నుంచీ జనం ఏడుస్తూ ఇంటికొస్తున్నారయ్యా! మావాడు కువైట్‌లో బతికే ఉన్నాడు.”

“అయ్యో, అది దండ కాదమ్మా, డిజైను. అక్కడ చిక్కుకుపోయిన మన వాసిం గురించి సారు పార్లమెంటులో గవర్నమెంటుని నిలదీసారు. అందుకే థాంక్స్ చెబుతూ కట్టాం.”

“థాంక్స్ ఎవరు చెప్పారు?”

“మీరేనమ్మా. కింద మీ పేరేసాం, చూడండి.”

“సరే, నిలదీస్తే ఏమన్నారంట?”

“అక్కడున్న మనోళ్ళంతా క్షేమంగా ఉన్నారని మంత్రిగారు చెప్పారు.”

“మరి అక్కడ పనిలో పెట్టుకున్న ఓనరు పాస్‌పోర్టు లాక్కుని, వాణ్ణి గదిలో పెట్టి తాళమేసాడు కదా?”

“సారు అదీ అడిగేవారే. ఈలోపు టైమైపోయిందని మైకు ఆపేసారు.”

“బాగుందయ్యా. ఢిల్లీలో క్షేమం, పేటలో చావు. ఇదిగో, వాసిమే వీడియో కాల్ చేస్తున్నాడు. నువ్వే చెప్పు.”

“నేనేం చెప్పనమ్మా?”

“ఆ రెండిట్లో వాడికి ఏది ఖాయం చేసారో చెప్పు.”