అమావాస్యనాడు ఆడిన మగ్గం

సభకు అధ్యక్షత వహించిన మండల విద్యాధికారి వెంకటరామయ్య గారికి, మన ఊరి నేతవాళ్ళకు పెద్దదిక్కయిన పెద్దయ్య గారికి, నా తోటి ఉపాధ్యాయులకు, బడి ముందర చాపల మీద సర్దుకుని కూర్చున్న అమ్మలకు, అన్నలకు, నా దగ్గర అక్షరాలు దిద్ది ఇప్పుడు తమ పిల్లల్ని కూడా నాకే అప్పగించిన నా శిష్యులకు ఈ వాదిరాజు నమస్కారం చేస్తున్నాడు. ఆదోని నుంచి వీడియో కెమెరా మోసుకొచ్చిన పాండురంగ గారికి విడిగా ఇంకో నమస్కారం. విడిగా ఎందుకంటే, ఇందాక అధ్యక్షులవారు నాకు దండ వేసినప్పుడు ఆయన లైటు వెలగలేదట. "సార్, ఆ దండ తీసి మళ్ళీ ఒకసారి వేయించుకోండి" అన్నారు. వేయించుకున్నాను. ఒకే ఉద్యోగం నుంచి ఒకే రోజు రెండుసార్లు రిటైరైన అయివారు కర్నూలు జిల్లాలో నేనొక్కడినే అయి ఉంటాను. (నవ్వులు)

నాకూ నవ్వు వచ్చింది. కానీ రెండో దండ మెడలో పడేసరికి పన్నెండేళ్ళ కిందటి ఒక రోజు గుర్తొచ్చింది. వారం రోజులు కూర్చుని రాసుకొచ్చిన ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టేశాను. మా ఇంటావిడ కమలాబాయి ముందు వరసలో నుంచి చూస్తోంది. ఏం మాట్లాడతాడో అని ఆమెకు భయం. కమలా, భయపడకు, పొడుగ్గా మాట్లాడను. (నవ్వులు)

డెబ్బై అయిదులో మన బడికి టీవీ వచ్చింది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఇప్పటికీ నా ఛాతీ కాస్త ముందుకొస్తుంది, క్షమించాలి. అప్పటికి ఎమ్మిగనూరులో సావుకార్ల ఇళ్ళలో లేదు, ఆదోనిలో పత్తి మిల్లుల యజమానుల ఇళ్ళలో లేదు, రెండు తరగతి గదులూ ఒక పెంకుల వరండా ఉన్న మన బడిలో ఉంది. ఆకాశంలో ఉపగ్రహం నుంచి బొమ్మ దిగుతుందని సర్కారువాళ్ళు బడి వెనకాల తీగల వలతో తిరగేసిన గొడుగులాంటిదొకటి పెట్టిపోయారు. బడి తాళంచెవితో పాటు ఆ పెట్టె తాళంచెవి కూడా నా జంధ్యానికి కట్టుకున్నాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. రోజూ సాయంత్రం పెట్టె తెరిచే ముందు నేను బెంచీ ఎక్కి ఒక మాట చెప్పేవాడిని. "సినిమా వేరు, ఇది వేరు. సినిమాలో వేషాలుంటాయి. ఈ పెట్టెలో కనపడేవాళ్ళు మీలాంటి మనుషులు. ఇందులో చూపేది ఉన్నది ఉన్నట్టు." నా మాట మీద ఊరు ఆ పెట్టెను నమ్మింది.

ఎంతగా నమ్మిందో గిడ్డయ్యను అడగండి, అదిగో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఒకనాడు ఎక్కడి రైతునో చూపిస్తూ పత్తికి పురుగుమందు ఎలా కొట్టాలో చెప్తున్నారు. మందు సంగతి ఒక్కరూ వినలేదు. ఆ రైతు ఎద్దు డొక్కలు ఎందుకు అట్లా లోపలికి పోయినాయని గిడ్డయ్య లేచి పెట్టెతో తగువు పెట్టుకున్నాడు. "ఏమప్పా, నోరు లేని జీవానికి మేత యేసినంక కద నీకు పత్తి!" అన్నాడు. ఆడవాళ్ళేమో ఆ రైతు వెనక నిలబడ్డ పిల్లకు పెళ్ళయిందా లేదా అని లెక్కలు వేశారు. మనలాంటి మనిషి ఏం తింటున్నాడు, ఏం కడుతున్నాడు, ఇంట్లో ఎట్లా ఉంటున్నాడు, ఇది చూడడంలో ఉన్న రుచి ఇంకెందులోనూ లేదని నాకు ఆ సాయంత్రాలే నేర్పినాయి. ఆ తర్వాత అందరి మనసులోనూ ఒకటే కోరిక పుట్టింది. మనల్ని ఎప్పుడు చూపిస్తారు? గిడ్డయ్య ఊళ్ళోకి ఏ జీపు వచ్చినా తల దువ్వుకునేవాడు. (నవ్వులు) బిందెలు మోసే ఆడవాళ్ళ నడక కూడా మారింది, ఎవరో చూస్తున్నట్టు.

నేనూ తక్కువ తినలేదు. మన ఊరి నేతపని చూపించండి అని హైదరాబాదుకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. చివరికి వాళ్ళు ఏ రోజు రమ్మంటారో చెప్పమన్నారు. పంచాంగం చెప్పే ఇంట్లో పుట్టినవాడిని, తిథి చూడకుండా తేదీ రాసి పంపాను. అది అమావాస్య.

అమావాస్యనాడు మన నేతవాళ్ళు మగ్గం ముట్టరు. మగ్గానికి పసుపూ కుంకుమా పెట్టి, పూలు కట్టి, దండం పెట్టుకుంటారు, అంతే. పెద్దలంతా ఆ పొద్దున ఉరుకుంద ఈరన్న దర్శనానికి వెళ్ళి ఉన్నారు. టీవీవాళ్ళ జీపు వచ్చి సిద్ధప్ప ఇంటి ముందు ఆగింది. సిద్ధప్పా, వెనకాల దాక్కుంటే కనపడవనుకున్నావా? ముందుకి రాప్పా. అంబమ్మా, నువ్వూ రా తల్లీ.

సిద్ధప్ప ఇల్లు ఎందుకంటే, వాళ్ళ తాత కాలం నుంచి జాతరకు మన ఊరి అమ్మవారి చీర ఆ ఇంటి మగ్గం మీదనే నేసేవాళ్ళు. వచ్చినవాళ్ళు ముందు సిద్ధప్ప ఇంటావిడ అంబమ్మను చూశారు. ఆమె పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని జొన్నలు విసరడానికి సిద్ధంగా కూర్చుని ఉంది. అది వద్దు, రోజూ కట్టేది కట్టుకో అన్నారు, న్యాయమే, మార్చుకుని వచ్చింది. అదీ వద్దు, చినిగిన చీర కట్టుకో, చూసేవాళ్ళకు మీ కష్టం తెలియాలి అన్నారు. అంబమ్మ లేచి నిలబడింది. "చినిగిన చీర మా ఇంట్లో యాడిది సామీ? ఇది నేసేటోళ్ళ ఇల్లు. అట్లాటిది కావాలంటే మీరే యాడన్నా తెచ్చుకోండి" అంది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పాను, అంత గట్టి పాఠం నేను ఒక్కటీ చెప్పలేదు. (చప్పట్లు)

ఆమెకున్న ధైర్యం నాకు లేకపోయింది. మగ్గం ఆడుతుండగా చూపాలి అన్నారు వాళ్ళు. సిద్ధప్ప చేతులు కట్టుకుని, "ఈ పొద్దు వద్దు అయివారూ. రేపు కోడి కూసేలోపల కూసుంటా. ఈ పొద్దు ముట్టేది లేదు" అన్నాడు. మధ్యాహ్నానికి ఆలూరు పోవాలి, మళ్ళీ రాలేం అన్నారు జీపువాళ్ళు. నేను సిద్ధప్పను పక్కకు పిలిచి, "నా మాట పోతుందప్పా" అన్నాను. అతను లోపలికి పోయి, కాళ్ళు కడుక్కుని వచ్చి మగ్గం గుంటలో కూర్చున్నాడు. మగ్గం ఆడింది. కెమెరా తిరిగింది. నేను అక్కడే నిలబడి మురిసిపోయాను.

మరునాడు పొద్దున్నే మనసు ఉండబట్టక వాళ్ళింటికి పోయాను. ముందురోజు బట్ట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. పోగును అటూ ఇటూ పరిచే నాడె చేతిలోకి తీసుకుని చూస్తే లోపల నూలుకండె లేదు. ఖాళీ నాడెను అటూ ఇటూ ఆడించాడు. "ఒక్క పోగు పడలేదు అయివారూ. మీ మాటా నిలబడె, అమావాస్యా నిలబడె" అన్నాడు నవ్వుతూ.

మూడు వారాలకు ఆ బొమ్మ వచ్చింది. బడి పట్టలేదు జనం. సిద్ధప్ప కనపడగానే ఈలలు, చప్పట్లు. పెట్టెలో గొంతు ఏమందంటే, ఈ నేతగాడు పండగ ఎరగడు, పబ్బం ఎరగడు, ఏ రోజూ మగ్గం దిగడు అంది. అప్పుడు పెద్దలకు బొమ్మలో మగ్గానికి కట్టిన అమావాస్య పూలు కనపడినాయి. అంత చిన్న బొమ్మలో నాడెలో నూలు ఉందో లేదో ఎవరికి కనపడుతుంది? చప్పట్లు ఆగిపోయాయి.

మరుసటి వారం పెద్దలు కూర్చుని, "అమావాస్యనాడు మగ్గంలో కూసుంటివా?" అని అడిగారు. "కూసుంటి" అన్నాడు సిద్ధప్ప. ఇకమీదట అమ్మవారి చీర ఆ ఇంటి నుంచి వద్దు అన్నారు. నేను అక్కడే, అరుగు మీద, పెద్దయ్య గారి పక్కనే కూర్చుని ఉన్నాను. నాడె ఖాళీ అని నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

తిరిగొచ్చే దారిలో, నాడె సంగతి ఎందుకు చెప్పలేదప్పా అని సిద్ధప్పను అడిగాను. "చెప్తే పెట్టెలో చూపేదంతా దొంగాట అందురు. మిమ్మల్నీ అట్లనే అందురు. పిల్లోళ్ళు రోజూ వచ్చి కూసుంటాండారు, ఉండనీ" అన్నాడు. తన ఇంటి మర్యాద వదులుకుని నా బెంచీ మీది మాటను కాపాడాడు. ఏడాది తిరగకముందే సర్కారువాళ్ళు టీవీ ఎత్తుకుపోయారు. కాపాడవలసిన పెట్టె పోయినా నేను నోరు తెరవలేదు. పన్నెండు జాతరలు జరిగాయి. ప్రతి జాతరకూ వేరే మగ్గం మీద నేసిన చీర ఊరేగుతుంటే సిద్ధప్ప పక్కకు తప్పుకుని దండం పెట్టుకోవడం చూశాను. సిగ్గుతో చెప్తున్నాను, చూసి ఊరుకున్నాను.

ఇప్పుడు ఎమ్మిగనూరులో ఇంటింటి మీదా యాంటెనాలు లేచాయి, మన ఊళ్ళోనూ నాలుగు ఉన్నాయి. చూడొద్దని నేను చెప్పను, నేనే చూస్తాను. మనలాంటి మనిషిని చూపించినప్పుడు, అతని చేతిలో నాడె ఉందా అనే కాదు, అందులో నూలు ఉందా అని కూడా అడగండి. పెట్టెను కాదు, వీలైతే ఆ మనిషినే అడగండి. నాకు ఈ ఊళ్ళో దొరికిన గౌరవమంతా పక్కన పెట్టి పెద్దయ్య గారిని ఒకటి వేడుకుంటున్నాను. ఆ రోజు తప్పు నాది. అమావాస్య నియమం తప్పనివాడు సిద్ధప్ప. అమ్మవారి చీర మళ్ళీ ఆ ఇంటికే ఇవ్వండి.

(పెద్దయ్య గారు లేచి నిలబడి: "కూసో అయివారూ, నీ ఒక్కనిదే కాదు. మేమూ పెట్టెలో సూసిందే నమ్మితిమి, నాలుగిండ్ల అవతల ఉండే మగ్గం కాడికి పోయి సూడలేదు. ఈ తూరి అమ్మవారి సీర సిద్ధప్ప మగ్గం మీదనే." చప్పట్లు, చాలాసేపు.)

ఈ ఊళ్ళో ముప్పై ఏళ్ళు అయివారుగా ఉన్నానని ఎక్కడికి పోయినా తల ఎత్తుకుని చెప్తాను. ఇలాంటి మనుషుల మధ్య పనిచేసినవాడికి ఇంతకంటే సన్మానం లేదు. నాకు కప్పిన ఈ శాలువా ఎమ్మిగనూరు బజారులో కొన్నారనుకున్నాను. అంచు చూశాక తెలిసింది, ఇది సిద్ధప్ప నేత. అంబమ్మా, కళ్ళు తుడుచుకో తల్లీ.

అక్కడ పాండురంగ గారు చెయ్యి ఊపుతున్నారు. పెద్దయ్య గారు లేచినప్పుడు లైటు వెలగలేదట, ఆ మాట ఇంకోసారి చెప్పించమంటున్నారు. వద్దప్పా. దండయితే రెండుసార్లు వేసుకున్నాను. ఈ మాట ఒక్కసారే. ఊరంతా విన్నది, చాలు.

వచ్చినవారందరికీ, నన్ను భరించిన బడికీ, నా పేరు చెడకుండా ఇన్నాళ్ళు మోసిన సిద్ధప్ప ఇంటికీ దండాలు. బడి తాళంచెవి పొద్దున్నే విప్పి ఇచ్చేశాను. జంధ్యం తేలికయింది. ఇప్పుడు నేనూ తేలికయ్యాను. సెలవు.